పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి?

2023 జూలై 28వ తేదీన నేను లోక్‌సభ విలేఖరుల గ్యాలరీలో కూర్చుని ఉన్నాను. పార్లమెంటు పాత భవనంలో జరిగిన చివరి వర్షాకాల సమావేశాలవి. మణిపూర్ విషయమై ప్రతిపక్ష సభ్యులు నినాదాలతో సభను హోరెత్తిస్తున్నారు. ఆ హోరులోనే జాతీయ దంతవైద్య కమిషన్ బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో కొత్త వ్యవస్థను నెలకొల్పే బిల్లు అది. ఆగస్టు 8న రాజ్యసభ కూడా దానికి ఆమోదముద్ర వేసింది. నూట నలభై కోట్ల నోళ్ళకు సంబంధించిన ఆ బిల్లుకు ఆ రోజు నేను పంపిన వార్తలో ఒకే ఒక్క వాక్యం దక్కింది. మణిపూర్ వంటి మంటలు రగులుతున్నప్పుడు పళ్ళ సంగతి ఎవరికి కావాలి?

ఆనాటి ఉదయం పళ్ళు తోముకుని ఉమ్మితే తొట్టిలో నెత్తురు చార కనిపించింది. అది కొత్త విషయం కాదు. పదేళ్ళుగా చూస్తున్నదే. నెత్తురు వచ్చిన వైపు కుంచె తగలకుండా జాగ్రత్తగా తోముకోవడం అలవాటు చేసుకున్నాను. చట్టసభలలో ఇబ్బందికరమైన ప్రశ్నను మంత్రిగారు దాటవేసినట్లు నేను నా కుడి దవడను దాటవేస్తూ వచ్చానన్నమాట. దాటవేసిన ప్రశ్న మరుసటి సమావేశంలో అనుబంధ ప్రశ్నలతో సహా తిరిగి వస్తుందని ఇన్నేళ్ళు పార్లమెంటు చూసినవాడికి తెలియకపోవడం విడ్డూరమే. చివరకు రెండు దవడపళ్ళు కదిలిన తరువాతనే దంతవైద్యుని దగ్గరకు వెళ్ళాను. ఆయన అన్న మాట మరచిపోలేను. "చేతికి గాయమై నెత్తురు కారితే పరుగున వస్తారు. నోట్లో కారితే ఉమ్మేసి కాఫీ తాగుతారు. చదువుకున్నవాళ్ళే ఇలా చేస్తే ఎలాగండీ?"

ఈ సొంత గోడు పాఠకులకు ఎందుకు వినిపిస్తున్నానంటే, ఆ తరువాత కొంతకాలానికి బస్తరులోని తోంగ్‌పాల్ సంతలో నేను చూసిన దృశ్యం దానితో ముడిపడి ఉన్నది. ఆ దృశ్యానికీ, ఢిల్లీలో జరిగిన మూడు నిర్ణయాలకూ మధ్య కూడా ఒక ముడి ఉన్నది.

దంతం పడిన నేల

జగదల్‌పూర్ నుంచి దక్షిణంగా దర్భా కొండలు దాటి కోంటా వైపు సాగే రోడ్డు మీద ఉంటుంది తోంగ్‌పాల్. నేడు సుక్మా జిల్లాలోనిది. 30వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే వెళ్ళి విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. మన మిరప తోటలలో కాయ కోయడానికి ఏటా సుక్మా, కోంటా అడవుల నుంచి కూలీలు దిగివచ్చే దారి కూడా ఇదే. ఢిల్లీవారికి మాత్రం ఈ ప్రాంతం రెండే రెండు తేదీలతో గుర్తు. 2013 మే 25న ఝీరం లోయలో కాంగ్రెస్ నాయకుల వాహన శ్రేణిపై మావోయిస్టుల దాడి. 2014 మార్చి 11న తోంగ్‌పాల్ సమీపంలో 15 మంది భద్రతా సిబ్బంది మరణం. నేనూ ఆ రెండు సందర్భాలలో ఈ ఊరి పేరును దస్తూరిలో రాసినవాడినే. ఇక్కడ మనుషులకు పళ్ళు కూడా ఉంటాయనీ, అవి నొప్పిపెడతాయనీ అప్పట్లో తోచలేదు.

విచిత్రం ఏమిటంటే ఈ నేల దేవతే దంతాల దేవత. శంఖిని, డంకిని నదుల సంగమం వద్ద దంతేవాడలో సతీదేవి దంతం పడిందని ఐతిహ్యం. అందుకే ఆ తల్లి దంతేశ్వరి. సుక్మా జిల్లా 2012లో విడివడిన దాకా దంతేవాడ జిల్లాలోనే ఉండేది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత అన్నమదేవుడు బస్తరుకు వచ్చి రాజ్యం స్థాపించాడని, దంతేశ్వరిని కులదేవతగా కొలిచాడని చెప్పుకుంటారు. భాషలోనూ చుట్టరికం ఉన్నది. మనం పల్లు అంటాము, గోండీలో 'పల్' అంటారు. ఊరి పేరు చివర ఉన్న 'పాల్'కూ దీనికీ సంబంధం ఉన్నదని నేను వాదించబోవడం లేదు. బస్తరులో చాలా ఊళ్ళ పేర్లు అలాగే ముగుస్తాయి.

సంత కోలాహలంగా ఉన్నది. చింతపండు గంపలు, ఇప్పపువ్వు, అడవి దుంపలు, ఎండుచేపలు. ఒక ముసలామె పందుంపుల్లలు కట్టలు కట్టి అమ్ముతున్నది. ఆ పక్కనే ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టెలు అమ్మే దుకాణంలో అరచేతిలో ఇమిడే చిన్న డబ్బీలు వరుసగా పేర్చి ఉన్నవి. పందుంపుల్లల కన్నా ఆ డబ్బీలే చురుకుగా అమ్ముడవుతున్నవి. కొన్న స్త్రీ అక్కడే మూత తీసి, చూపుడువేలితో నల్లని ముద్దను తీసుకుని చిగుళ్ళకు రుద్దుకుని, ఓ పక్కగా కూర్చుని కళ్ళు సగం మూసుకున్నది.

"ఏమిటది?" అని నా కారు నడుపుతున్న కోంటా కుర్రవాణ్ణి అడిగాను. "గుడాఖూ సార్. పొద్దున లేవగానే అదే, భోజనం అయ్యాక అదే. మా అమ్మ కూడా వాడుతుంది" అన్నాడు తెలుగులో.

పొగాకు పొడి, బెల్లపు మడ్డి, సున్నం, ఎర్రమట్టి కలిపి చేసే ముద్ద గుడాఖూ. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, జార్ఖండ్ ప్రాంతాలలో దానితో పళ్ళు తోముకుంటారు. పేరుకు దంతధావనం, పనికి మత్తు. పొగాకులోని నికోటిన్ చిగుళ్ళ నుంచి తిన్నగా నెత్తుటిలోకి చేరుతుంది. ఒకసారి అలవాటైతే రోజుకు నాలుగైదుసార్లు "పళ్ళు తోముకోవలసి" వస్తుంది!

పాచి చేసే పని

చిగుళ్ళ వ్యాధి ఎలా వస్తుందో క్లుప్తంగా చెప్పుకుందాము. 1683లో హాలెండు దేశపు బట్టల వర్తకుడు లేవెన్‌హుక్ తన పంటిపాచిని తీసి, తాను చేసుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. అందులో పురుగులు కదలాడుతున్నవని లండన్ రాయల్ సొసైటీకి లేఖ రాశాడు. అవే సూక్ష్మక్రిములు. మనం ఎంత శుభ్రంగా తోముకున్నా కొన్ని గంటలలోనే అవి పంటిపై పలుచని పొరగా పేరుకుంటూ ఉంటాయి. మనవాళ్ళు దానిని పాచి అన్నారు. "పాచిమొగం" అన్న తిట్టు వెనుక మంచి వైద్యశాస్త్రమే ఉన్నది.

పాచిని ఎప్పటికప్పుడు తీయకపోతే లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి అది రాయిలా గట్టిపడుతుంది. దానికే గార అని పేరు. గార కట్టిన తరువాత ఏ కుంచె, ఏ పుల్ల, ఏ పొడి దానిని కదిలించలేవు. దంతవైద్యుని పనిముట్లే కావాలి. పంటికీ చిగురుకూ మధ్య సందులో పాచి నిలవ ఉంటే చిగురు ఎర్రబడి, ఉబ్బి, ముట్టుకుంటే నెత్తురు కారుతుంది. ఇది మొదటి అంకం. ఈ దశలో శుభ్రం చేసుకుంటే చిగురు మళ్ళీ మామూలుగా అవుతుంది.

దీనికి రుజువు 1965లో వచ్చింది. హెరాల్డ్ లో అనే దంతశాస్త్రజ్ఞుడు డెన్మార్కులో ఆరోగ్యవంతులైన 12 మందిని పళ్ళు తోముకోవడం మానివేయమన్నాడు. మూడు వారాలలోపే అందరికీ చిగుళ్ళు వాచినవి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగా దాదాపు వారం రోజులలో వాపు తగ్గిపోయింది. పాచే నేరస్థుడని ఇంతకన్నా సూటిగా నిరూపించడం కష్టం.

మొదటి అంకాన్ని ఉపేక్షిస్తే రెండవ అంకం. వాపు లోతుకు దిగి, పంటిని పట్టి ఉంచే నారపోగులను, దవడ ఎముకను మెల్లమెల్లగా కరిగిస్తుంది. పంటికీ చిగురుకూ మధ్య గోతులు పడతాయి. చీము, దుర్వాసన, పళ్ళు పొడుగైనట్లు కనిపించడం, సందులు విచ్చడం, కదలడం, చివరకు ఊడడం. మన పెద్దలు పయోరియా అనేవారు. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. వైద్యం చేసేదల్లా ఉన్నదానిని నిలబెట్టడమే. నా రెండు దవడపళ్ళ విషయంలో అదీ సాధ్యపడలేదు.

ఇదంతా నొప్పి లేకుండా జరగడమే దీనిలోని మోసం. పుచ్చిపన్ను అర్ధరాత్రి లేపి కూర్చోబెడుతుంది. చిగుళ్ళ వ్యాధి ఏళ్ళ తరబడి చప్పుడు చేయదు. ప్రపంచంలో దాదాపు 100 కోట్లమంది తీవ్రమైన చిగుళ్ళ వ్యాధితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్కగట్టింది.

అందరికీ ఒకే వేగంతో రాదు కూడా. అదే లో, ఆయన సహచరులు 1970లో మొదలుపెట్టి శ్రీలంక తేయాకు తోటలలో 480 మంది మగ కూలీలను ఏళ్ళ తరబడి పరీక్షించారు. పళ్ళు తోముకునే అలవాటు గాని, దంతవైద్యం గాని ఎరుగనివారు వారు. 1986లో ప్రచురించిన ఫలితాల ప్రకారం సుమారు 8 శాతం మందికి వ్యాధి వేగంగా ముదిరింది. 81 శాతం మందికి ఒక మోస్తరుగా, 11 శాతం మందికి చిగుళ్ళ వాపును దాటి ముందుకు పోలేదు. "మా తాత పుల్లతో తోముకుని నూరేళ్ళు పళ్ళతోనే పోయాడు" అనేవారి తాత ఆ 11 శాతంలోని వాడై ఉండవచ్చును. మనవడు కూడా ఆ జాబితాలోనే ఉంటాడన్న పూచీ లేదు.

మధుమేహం ఉన్నవారికి ఈ వ్యాధి ముదిరే ప్రమాదం ఎక్కువ. ముదిరిన చిగుళ్ళ వ్యాధి రక్తంలో చక్కెరను అదుపు తప్పిస్తుంది. ఒకదానినొకటి ఎగదోసుకునే జంట ఇది. గర్భిణులలో చిగుళ్ళు తేలికగా వాస్తాయి. పొగాకు సంగతి వేరే చెప్పాలి. అది చిగుళ్ళ రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది, మానే శక్తిని తగ్గిస్తుంది. పొగ తాగేవారిలో నికోటిన్ రక్తనాళాలను కుదించడం వల్ల నెత్తురు కారడం కూడా తగ్గుతుంది. అంటే ప్రమాద సూచికను ఆర్పివేసి ఇంటిని తగలబెడుతుందన్నమాట. చిగుళ్ళకు పూసే పొగాకు పూసిన చోటనే చిగురును కిందకు జార్చి పంటివేరును బయటపెడుతుంది. నోటి క్యాన్సరుకు దారి తీస్తుంది.

డబ్బీ మీది బొమ్మ

సంతలో ఒక మితానిన్‌తో మాట్లాడాను. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2002లో ప్రారంభించిన గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం పేరది. మితానిన్ అంటే స్నేహితురాలు. దేశవ్యాప్తంగా వచ్చిన ఆశా కార్యకర్తలకు ఇదే ముందు నమూనా. కోంటా కుర్రవాడు దుబాసిగా నిలిచాడు.

ఆమె వెంట మరో స్త్రీ ఉన్నది. నలభై ఏళ్ళు నిండి ఉండవు. ముందు పళ్ళు రెండు లేవు, మరొకటి వేలితో అదిమితే ఊగుతున్నది. "గుడాఖూ ఎందుకు వాడుతున్నావమ్మా?" అని అడిగించాను. "పళ్ళు నొప్పి" అన్నది. "పళ్ళు నొప్పి ఎప్పటినుంచి?" "చాలా ఏళ్ళ నుంచి." "గుడాఖూ ఎప్పటినుంచి?" ఆమె కాసేపు ఆలోచించి, "పెళ్ళయినప్పటి నుంచి" అన్నది. రుద్దుకుంటే కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తెలియదు. తిమ్మిరి దిగాక మళ్ళీ నొప్పి, మళ్ళీ డబ్బీ. రోగమూ మందూ ఒకే డబ్బీలో ఉన్నవి.

డబ్బీని తీసుకుని చూశాను. దాని మీద పుండుపడిన నోటి బొమ్మ, కింద హిందీలో హెచ్చరిక. పొగాకు వస్తువుల పెట్టెలపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన 2016 నుంచి అమలులో ఉన్నది. ఆ నిబంధనపై సాగిన వాదోపవాదాలు, పరిశ్రమ వర్గాల రాయబారాలు అన్నీ ఢిల్లీలో కళ్ళారా చూసినవాణ్ణి. "ఈ బొమ్మ ఏమిటో తెలుసా?" అన్నాను. ఆమె నిదానంగా చూసి, "పళ్ళు నొప్పి ఉన్నవాళ్ళ బొమ్మ. వాళ్ళ కోసం మందు అని" అన్నది.

నాకు నోట మాట రాలేదు. అక్షరం రానివారికి బొమ్మ చెబుతుందని మనం అనుకున్నాము. బొమ్మ చెప్పింది సరిగ్గా తలకిందులుగా!

అప్పుడు మితానిన్ నన్ను ఎదురు ప్రశ్న వేసింది. "భయ్యా, మీరు ఢిల్లీ నుంచి వచ్చారు కదా. ఇంత చెడ్డదైతే అక్కడ పెద్దలు దీనిని ఎందుకు ఆపరు?"

ఆపామమ్మా అని చెప్పవలసి వచ్చింది. పొగాకు కలిసిన పళ్ళపొడులు, టూత్‌పేస్టుల తయారీని, అమ్మకాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లో ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద నిషేధించింది. తయారీదార్లు కోర్టుకెక్కగా సుప్రీంకోర్టు 1997లో ఆ నిషేధం సబబేనన్నది. ఇది విని ఆమె నవ్వింది. ఆధార్ కార్డులో ఆమె పుట్టిన సంవత్సరం 1992. "అయితే నాకూ ఆ చట్టానికీ ఒకే వయసు. నేను దానిని ఎన్నడూ చూడలేదే!" అన్నది. నవ్వు ఆగిన తరువాత కొంగుముడి విప్పింది. అందులోనూ ఒక డబ్బీ ఉన్నది. "నేను మానాలని రెండుసార్లు చూశాను. నేనే మానలేనిదాన్ని, ఊళ్ళో వాళ్ళకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?" అన్నది.

ఆమెకు నేను చెప్పని సంగతి ఇంకొకటి ఉన్నది. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని పార్లమెంటు 2003లో చేసింది. ఏవేవి పొగాకు ఉత్పత్తులో తెలిపే జాబితా ఆ చట్టానికి అనుబంధంగా ఉన్నది. అందులో చివరగా ఉన్న పదార్థం: పొగాకు కలిసిన పళ్ళపొడి! 1992లో ఒక చట్టం కింద ఉండరాదన్న వస్తువుకు 2003లో మరో చట్టం నియంత్రించదగిన సరుకుల పట్టికలో పీట వేసింది. డబ్బీ మీద "దంతధావనం" అని రాయకుండా "పొగాకు" అని రాసి, బొమ్మ వేస్తే సరి. వేలు పోయే చోటు మాత్రం మారలేదు. కోరలు పీకిన పామును చూశాము గాని, ఒక కోర మరొక కోరను పీకిన పామును ఇక్కడే చూస్తున్నాము.

బస్తరువారిని చూసి మనం జాలిపడనవసరం లేదు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాలలో ఆడవారు నిప్పు నోటిలోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ, దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సరు వైద్య గ్రంథాలకెక్కినవి. గుంటూరులో కేంద్ర కార్యాలయం గల పొగాకు బోర్డు కూడా 1975లో పార్లమెంటు చేసిన చట్టం బిడ్డే. పండించమనేది, అమ్మమనేది, వాడవద్దనేది ఒకే సభ.

అంతా చీకటేనని కూడా అనను. దేశవ్యాప్త పొగాకు సర్వే ప్రకారం 2009-10లో ఛత్తీస్‌గఢ్ పెద్దలలో 53.2 శాతం మంది పొగాకు వాడేవారు. 2016-17 నాటికి అది 39.1 శాతానికి దిగింది. దేశ సగటు 34.6 నుంచి 28.6 శాతానికి తగ్గింది. అంటే మానడం మనుషులకు చేతనవుతున్నది. కాని తగ్గిన తరువాత కూడా ఆ రాష్ట్రం దేశ సగటుకు చాలా పైనే ఉన్నది.

మన చేతిలో ఉన్నది

ఢిల్లీ చేయవలసినది ఢిల్లీ చేసేలోగా మన చేతిలో ఉన్న పని కొంత ఉన్నది. నా దంతవైద్యుడు నాకు చెప్పినదే ఇక్కడ చెబుతున్నాను.

రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు, రెండేసి నిమిషాలు తోముకోవాలి. మెత్తని కుంచెను పన్నూ చిగురూ కలిసే గీత మీద ఏటవాలుగా ఆనించి మృదువుగా కదపాలి. గిన్నెలు తోమినట్లు తోమితే చిగురు అరిగిపోతుంది. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఇసుక పళ్ళను గీకివేస్తాయి. వేపపుల్లను కుంచెలా మెత్తగా నమిలి నిదానంగా వాడితే పాచి పోతుంది గాని, సందులలోకి అది చేరదు. పళ్ళ సందులను దారంతోనో, సన్నని కుంచెతోనో విడిగా శుభ్రం చేయాలి. ఉప్పునీరు పుక్కిలిస్తే ఉపశమనం కలుగుతుందే గాని గార కరగదు.

నెత్తురు వచ్చిన చోట తోమడం మానకూడదు. నేను చేసిన పొరపాటు అదే. ఆ చోటనే జాగ్రత్తగా తోమాలి. వారం పది రోజులలో నెత్తురు ఆగకపోతే వైద్యునికి చూపించాలి. అరుదుగా విటమిన్ సి లోపం, రక్త సంబంధమైన జబ్బులు కూడా కారణం కావచ్చును. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్నది అపోహ. వదులైన పళ్ళను గార మూసి ఉంచింది, తీయగానే బయటపడింది, అంతే. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు తప్పక చూపించుకోవాలి. పొగాకు ఏ రూపంలో ఉన్నా మానాలి.

ఇదంతా ఢిల్లీలో, హైదరాబాదులో చదివేవారికి సులువే. దేశంలో 300 పైచిలుకు దంతవైద్య కళాశాలలు ఉన్నవి గాని, వాటినుంచి వచ్చే వైద్యులు చాలావరకు పట్టణాలలోనే స్థిరపడుతున్నారు. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014లో మొదలైంది. అది తోంగ్‌పాల్ సంత దాకా నడిచి రావాలంటే ఎవరో చెయ్యిపట్టి నడిపించాలి. ఆ చెయ్యి మితానిన్‌దే. ఆమె కొంగుముడిలోని డబ్బీని విడిపించడానికి ముందుగా ఆమెకే వైద్య సహాయం కావాలి. పార్లమెంటు సభ్యులలో ఎవరైనా ఒక నక్షత్ర ప్రశ్న వేస్తే చాలు: 1992 నాటి నిషేధం కింద ఇంతవరకు ఎన్ని గుడాఖూ కర్మాగారాలను తనిఖీ చేశారు? 1992 ఉత్తర్వుకూ 2003 పట్టికకూ మధ్య వైరుధ్యాన్ని ప్రభుత్వం ఎలా పరిష్కరిస్తుంది? ఆ ప్రశ్న వచ్చిన రోజున నేను గ్యాలరీలో ఉంటాను. ఈసారి ఒక్క వాక్యంతో సరిపెట్టను.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఊళ్ళలో ఒక సామెత వినిపిస్తుంది, పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి అని. విసుగు పుట్టిన ఓటరు నిట్టూర్పు అది. తోంగ్‌పాల్‌లో ఆ రాయి ఒక డబ్బీలో ఉన్నది, దాని మీద ప్రభుత్వ హెచ్చరిక ఉన్నది, దానిని కొనే ఆమె అది మందనుకుంటున్నది. మేము కారెక్కేటప్పుడు ఆ మితానిన్ కిటికీ దగ్గరకు వచ్చి, "భయ్యా, ఆ బొమ్మ మార్చమని చెప్పండి. ఊడిన పళ్ళ పక్కన ఈ డబ్బీ బొమ్మ కూడా వేయమనండి. అప్పుడు మావాళ్ళకు తెలుస్తుంది" అన్నది. నిపుణుల సంఘాలకు తట్టని సవరణ అది. ఆమె తరఫున ఈ లేఖ ద్వారా సభ ముందు ఉంచుతున్నాను.